బరకం తెరచాప

మాది కైకలూరు. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళు "ఓహో, కొల్లేటివాళ్ళా!" అంటారు. నిజానికి కొల్లేరు మా వీధి చివర లేదు, ఆటపాక దాటి పోవాలి. అయినా నేను కాదనను. పొగడ్త దానంతట అది వచ్చి గుమ్మంలో నిలబడితే తలుపేసుకోవడం మా ఇంటా వంటా లేదు.

63 ఏళ్ళుగా ఆ పేరు మీదే నెట్టుకొచ్చాను. పెళ్ళిళ్ళలో గానీ రైళ్ళలో గానీ ఎవరైనా చెవి అప్పగిస్తే చాలు, మా తాత ఒంటి గెడతో తాటిదోనె తోసుకుంటూ కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరనాళ్ళకు వెళ్ళిన కబురు మొదలుపెట్టేవాణ్ణి. తాటి మొదలు తొలిచి దోనె చేస్తారనీ, రెండు దోనెలు జత కడితే సంగడి అవుతుందనీ చెప్పేవాణ్ణి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో నావికుడు గ్రీకులో రాసిపెట్టిన 'పెరిప్లస్'లో మన తూర్పు తీరం పడవల్ని 'సంగర' అన్నాడనీ, అది మన సంగడే అయి ఉంటుందని కొందరు పండితులు అంటారనీ అందుకునేవాణ్ణి. అక్కణ్ణుంచి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీదున్న రెండు కొయ్యల ఓడ మీదికి దూకేవాణ్ణి. వింటున్నవాళ్ళకు శాతకర్ణికీ నాకూ ఏదో బీరకాయపీచు చుట్టరికం ఉందేమోననిపించేది.

చెప్పకుండా దాచుకున్నదేమిటంటే, నాకు ఈత రాదు. దోనె ఎక్కింది ఒక్కసారి, ఏడో ఏట, అదీ గట్టుకు కట్టేసి ఉండగా. ఉద్యోగం నీటిపారుదల శాఖలోనే గానీ గుమస్తాగిరీ. కాలవలూ డ్రెయిన్లూ ఐదో కాంటూరూ అంటూ 31 ఏళ్ళు ఫైళ్ళు నడిపాను. నీటి మీద రాతలంటే అవే.

ఈ గుట్టు గాలి ఒక్కదానికే తెలుసు. అది మొదటిసారి నోరు విప్పింది శాన్‌ఫ్రాన్సిస్కోలో.

మా అక్క కొడుకు అక్కడికి దగ్గర్లో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. వాడూ వాడి ఆఫీసు స్నేహితులు ముగ్గురూ చందాలేసుకుని 27 అడుగుల తెరచాప పడవ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. లోపల ఇద్దరు కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు, టీ కాచుకోవడానికి పొయ్యి కూడా ఉంది. అంత చిన్నదాన్నీ యాట్ అనే అంటారట. మేం దిగిన రెండో రోజునే వాడు "మావయ్యా, కొల్లేటివాళ్ళు మీరు! మీకు చూపించకపోతే ఎలా?" అన్నాడు. వాడికి చిన్నప్పుడు ఆ మాట ఉగ్గుపాలతో పోసింది నేనే. మా ఆవిడ మాత్రం "మీ కొల్లేరు మీరు చూసుకోండి" అని శాలువా కప్పుకుని ఒడ్డున బెంచీ మీద కూర్చుంది. 38 ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట ఎప్పుడు వినాలో నాకు ఇప్పటికీ తెలియదు. విననప్పుడల్లా తెలుస్తుంది.

జులై నెల. పొద్దున బర్క్‌లీ రేవులో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. "ఇంతేనా మీ గాలి?" అన్నాను. "మధ్యాహ్నం దాకా ఆగండి" అన్నాడు. అక్కడి కథ ఏమిటంటే, లోపలెక్కడో కాలిఫోర్నియా నడిమి మైదానం ఎండకు పెనంలా కాలుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి పరుగెత్తుకొస్తుంది. మధ్యలో కొండలు అడ్డం. వాటికి ఉన్న ఒకే ఒక్క పెద్ద సందు గోల్డెన్‌గేట్. పొయ్యి మీద పొగ పైకి లేస్తుంటే తలుపు సందులోంచి గాలి ఈల వేస్తూ దూరుతుందే, అదీ సంగతి. మా ఊళ్ళో ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి పుట్టుక కూడా ఇదే. కాకపోతే మనకు ఆ సందు లేదు కాబట్టి, అది నులకమంచం దాకా వచ్చి మర్యాదగా ఆగుతుంది.

పడవ ఎక్కగానే పరీక్ష మొదలైంది. పడవలో ఎటు చూసినా తాళ్ళే, కొల్లేటి చాంతాడంత పొడుగు. కానీ దేన్నీ తాడు అనకూడదట. తెరచాప పైకి లాగే తాడు హాల్‌యార్డు. గాలికి తగ్గట్టు బిగించే తాడు షీటు. షీటంటే దుప్పటో రేకో గానీ తాడేమిటి? తరవాత గాలి లేచాక "ఆ షీటు వదలండి" అని వాడరిస్తే నేను ఒళ్ళోని దుప్పటి వదిలాను. అది పసిఫిక్ గాలికి ఎగిరి బర్క్‌లీలో ఎవరి మిద్దె మీద పడిందో. చుక్కాని కర్రను టిల్లరన్నాడు. మా దగ్గర టిల్లరంటే చేలో దమ్ము చేసేది. దీన్ని ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. ఆఫీసులో మా పై అధికారి ఒకాయన ఇలాగే ఉండేవాడు కాబట్టి అది మాత్రం తొందరగా పట్టుబడింది.

అసలు తప్పు చేసింది బయల్దేరేటప్పుడు. వాడు తెరచాపను ముందే కుదించేద్దామన్నాడు. కింది అంచున వరసగా కంతలుంటాయి, ఆ మేరకు గుడ్డను మడిచి కట్టేస్తారు. చేలోకి దిగేముందు పంచె ఎగ్గట్టినట్టు. "గాలి రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది మావయ్యా. తగ్గించాలా అని అనుమానం వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు" అన్నాడు. నేను రేవులో నిశ్చలంగా ఉన్న నీళ్ళను చూశాను. ఒడ్డున బెంచీ మీద కూర్చున్న ఆవిణ్ణి చూశాను. "నిండుగా విప్పరా. కొల్లేటివాళ్ళం!" అన్నాను. పెద్దవాళ్ళ మాట కాదనకూడదని మా అక్క వాణ్ణి పెంచిన పెంపకం అక్కడ కొంప ముంచింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే గాలి తలుపు తోసుకుని వచ్చేసింది. "25 నాట్లు!" అని వాడు అరిచాడు. నాకు తెలిసినవి వరినాట్లే. గంటకు 46 కిలోమీటర్లని తరవాత లెక్కగట్టుకున్నాను. 1805లో బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలికి సున్నా నుంచి పన్నెండు దాకా మెట్లు కట్టాడు. ఇది ఆరో మెట్టు. ఒడ్డున ఉన్నవాళ్ళకు గొడుగు నిలవడం కష్టమయ్యే గాలి. మాకూ ఓ కొలబద్ద ఉంది. అరటాకు చీలితే పైరగాలి. సినిమా ఫ్లెక్సీ చిరిగితే ఈదురుగాలి. పశువులపాక కప్పు పక్కింటి దొడ్లో దొరికితే వాయుగుండం. మచిలీపట్నం ఓడరేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక అని రేడియోలో విన్నామంటే కొబ్బరిచెట్ల కిందనుంచి జరగాలి. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన గాలికి మాత్రం నంబరు వెయ్యడానికి మా తరానికి నోరు రాదు.

పడవ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. ఒరిగిందంటే, నేను కూర్చున్న బల్ల గోడ అయింది, గోడ నేలైంది. "ఏం కాదు, అడుగున సీసం వేలాడుతుంటుంది, పడవ బరువులో మూడో వంతుకు పైనే. తంజావూరు బొమ్మలాగా లేచి కూర్చుంటుంది" అని వాడు నవ్వుతూ చెప్పాడు. బొమ్మ లేస్తుంది సరే, బొమ్మలో ఉన్నవాళ్ళ సంగతి? నీళ్ళు 12, 15 డిగ్రీల మధ్య ఉంటాయని కూడా అప్పుడే చెప్పాలా?

తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్ళలేదు. ఐమూలగా ఇటు కొంత, అటు కొంత వంకర్లు తిరుగుతూ పోవాలి. కొల్లేటికి వరదొచ్చి రోడ్డు మీదికి నీళ్ళెక్కితే మేం గుడివాడ, హనుమాన్ జంక్షన్ తిరిగి ఏలూరు చేరతామే, అలాగన్నమాట. వంకర తిరిగినప్పుడల్లా తెరచాప కింది దూలం ఆ పక్క నుంచి ఈ పక్కకు తలల మీదుగా ఊడ్చుకుపోతుంది. "తల వంచండి!" అని కేక. ఈ ఒక్క విద్యలో నన్ను మించినవాడు ఆ రేవులోనే లేడు. 31 ఏళ్ళ గవర్నమెంటు సర్వీసు.

పొద్దున తిన్న ఇడ్లీలూ అల్లం పచ్చడీ మూడో వంకరలో పలకరించాయి. గాలి వచ్చే వైపు ఏది, పోయే వైపు ఏది అని వాడు గంటసేపు చెప్పినా తలకెక్కలేదు గానీ, తప్పు వైపుకు వంగి ఒక్కసారి కక్కితే జన్మలో మర్చిపోం. ఎదురుగా ఆల్కట్రాజ్ దీవి. 1963లో మూసేసిన పాత జైలు. ఖైదీలు అందులోంచి తప్పించుకోవాలని చూసేవాళ్ళట. నాకేమో ఎలాగైనా అందులో చేరి శిక్ష అనుభవించాలనిపించింది.

చివరికి ఆ గాలిలోనే తెరచాప కుదించాం. అంటే వాడు కుదించాడు. పంచె ఎగ్గట్టాల్సింది గట్టు మీద, వాడు పీకల్లోతులో ఎగ్గట్టాడు. టిల్లరు నా చేతికిచ్చి, తాను కొయ్య దగ్గరకు పాక్కుంటూ వెళ్ళాడు. ఆ కర్ర ఒంగోలు గిత్త పగ్గంలా గుంజుతోంది. రెండు చేతులతో వాటేసుకుని పెద్దింట్లమ్మకు మొక్కుకున్నాను. అమ్మవారు అంతదూరం వింటుందో లేదో తెలియదు గానీ పడవ మాత్రం నిటారుగా లేచింది. ఆశ్చర్యం, గుడ్డ తగ్గినా వేగం తగ్గలేదు.

వెళ్ళడానికి రెండు గంటలు పట్టింది. గాలివాటున వెనక్కి గంటలోపే వచ్చేశాం. గాలివాటు మనిషి అని తిట్టుకుంటాంగానీ, అంత సుఖమైన బతుకు మరొకటి లేదు. నన్ను ఊరడించడానికి దారిలో వాడు విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్యల కథ ఎత్తుకున్నాడు. నౌకాదళం అధికారిణులు. వాళ్ళతో కలిపి ఆరుగురు ఆడపిల్లలే 55 అడుగుల 'తారిణి'లో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, కేప్ హార్న్ చుట్టి, 60 నాట్లు దాటిన గాలుల్ని తట్టుకుని, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. నాకు ఊరట కలగలేదు. సిగ్గేసింది. ఒడ్డున మా ఆవిడ "ఎలా ఉంది?" అంది. "మా కొల్లేరంత కాదు" అన్నాను. అబద్ధానికి ఆ మాత్రం ఓపిక మిగిలింది.

మరుసటి ఏడు వేసవిలో వాడు కైకలూరు వచ్చాడు. సాయంత్రం మా చేపల చెరువు గట్టున నిలబడి పైరగాలిని ముక్కుతో కొలిచి, "పది, పన్నెండు నాట్లుంటుంది. ఇంత గాలి వృథాగా పోతోంది మావయ్యా" అన్నాడు. కొల్లేట్లోకే వెళ్దామన్నాడు. అది 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, పైగా ఉన్న నీళ్ళన్నీ గుర్రపుడెక్క, కిక్కిస అని ఫైలు చదివినట్టు చదివాను. నీళ్ళలోకి దిగకుండా తప్పించుకోవడానికి నా సర్వీసు పనికొచ్చింది అదొక్కసారే. అదీ పూర్తిగా పనికిరాలేదు. వాడి కన్ను మా చెరువు మీద పడింది. (మా చెరువు అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరుకు బయటే. కంగారు పడకండి.)

ఆ చెరువు లీజుకిచ్చాం. గట్టున మేత వేసే ఇనపరేకు పడవ ఉంది. మావాడు వెదురుబొంగు కొయ్యగా నిలబెట్టాడు. తవుడు బస్తాల మీద కప్పిన నీలం బరకం తెరచాప అయింది. కాపలా అతను తాడు తెచ్చిచ్చాడు. "దీన్ని షీటంటారు" అని మావాడు నేర్పబోయాడు. "తాడండి" అన్నాడతను. "గాలికి బిగించేది కాబట్టి షీటు." "ఆఁ, తాడేనండి." అతనిది కొల్లేటి లంక. వాదించకుండా గట్టున గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు.

రేకు పడవకు అడుగు బల్లపరుపు. సీసం లేదు, నీళ్ళను పట్టుకునే రెక్క లేదు. బరకంలో గాలి నిండగానే పడవ ముందుకు పోవాల్సింది పోయి, పీతలా పక్కకు నడవడం మొదలెట్టింది. మేత సంచులు కట్టిన కర్రల్ని వరసగా ఒక్కొక్కటే తగులుకుంటూ పోయింది. సంచి ఊగినప్పుడల్లా శీలావతులూ బొచ్చెలూ మేత వేళైందనుకుని మూగాయి. "బరకం కుదించరా!" అని ఈసారి నేనే అరిచాను. కానీ బరకానికి కంతలెక్కడివి? వెదురుబొంగు వెళ్ళి, పిట్టలు వాలకుండా చెరువుకు అడ్డంగా కట్టిన నైలాన్ దారాల్లో ఇరుక్కుంది. పడవ ఆగింది. నేను ఆగలేదు.

నీళ్ళలో పడి రెండు గుక్కలు మింగి, శాతకర్ణిని కూడా తలుచుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే గట్టు మీంచి నింపాదిగా ఓ మాట వినిపించింది.

"నిలబడండి బాబుగారూ. ఛాతీ లోతేనండి."

నిలబడ్డాను. నిజమే.

అతను బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని వచ్చాడు. దారాలు విడదీసి, బరకం మడిచి నా ఒళ్ళో పెట్టి, వెనక నిలబడి ఒంటి గెడతో తోస్తూ సూటిగా రేవు వైపు నడిపాడు. పడవ వంకర తిరగలేదు. మావాడు నోరు తెరుచుకుని అతని చేతులవంకే చూస్తున్నాడు. సగం దూరం వచ్చాక అతను అడిగాడు:

"తమ తాతగారు దోనె మీద కొల్లేటికోట వెళ్ళేవారని చెబుతుంటారు కదండీ, ఏ లంక మీదుగా వెళ్ళేవారండీ?"

గాలి హోరులో వినపడనట్టు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. గాలి ఆగిపోయి అప్పటికి చాలాసేపైంది.