మీ ఫోర్‌బైఫోర్‌కి చలేస్తోందా?

జనవరిలో ఢిల్లీ తెల్లవారుజామున మామూలుగా ఏడెనిమిది డిగ్రీలుంటుంది. అంతకంటే చలిలో లంబసింగి వాళ్లు మంకీ టోపీ పెట్టుకుని ఆటో స్టార్టు చేసుకుంటారు. వాళ్లది ఆటో. మీది బురద మొహం ఎరగని డీజిల్ ఎస్‌యూవీ. దానికి విడిగా హీటరు పెట్టించి తీరాలి.

"బండిలో హీటరు ఉందిగా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. డీజిల్ ఇంజన్ పొదుపరి, అది వేడెక్కేలోపు కాళ్లు కొంకర్లు పోతాయని చెప్పండి. నిజమే కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు. పది నిమిషాలు నెమ్మదిగా నడిపితే వెచ్చబడుతుందన్న సంగతి వాళ్లంతట వాళ్లు కనుక్కోనివ్వండి. అద్దం మీద ఆవిరి పడితే ఏసీ మీట నొక్కి, బయటి గాలి రానిస్తే పోతుందనే వాళ్లనూ దగ్గరికి రానీయకండి. మీట నొక్కడానికి డబ్బు ఖర్చు కాదు. డబ్బు ఖర్చు కానిది వైద్యం ఎలా అవుతుంది?

వెబాస్టో, ఎబర్‌స్పెషర్ అని జర్మనీ కంపెనీలున్నాయి. వాటి హీటర్లు ట్యాంకులోంచి కొద్దికొద్దిగా డీజిల్ తీసుకుని, విడిగా మండించి, కూలెంట్‌ను కాచిపెడతాయి. మీరు తాళం తిప్పకముందే ఇంజనూ లోపలి గాలీ వెచ్చగా ఉంటాయి. ధర చూసి గుండె గుభేలుమంటే కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో ఏదైనా చవకది వెతకండి. బిగించేవాడు పొగ గొట్టాన్ని బండి బయటికి తీయకపోయినా ఏం కాదంటాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకునేవాళ్లకూ ఏం కాదనే అనిపిస్తుంది. ప్రతి చలికాలం పేపర్లో వాళ్ల వార్త వస్తూనే ఉంటుంది.

ఇక బ్యాటరీ సంగతి. హీటరు ఎంతసేపు వెలిగిందో కనీసం అంతసేపు బండి నడపాలని అనుభవజ్ఞుల మాట. లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది. మీరు అరగంట వెచ్చబెట్టుకుని నోయిడా సెక్టార్లో పాల బూత్ దాకా వెళ్తారు, అంటే ఐదు నిమిషాలు. కాబట్టి పాల ప్యాకెట్ తీసుకుని, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, గ్రేటర్ నోయిడా పరీ చౌక్ దాకా పోయి రండి. పొగమంచులో ముందున్న లారీ కనపడదు. హీటరు దానికేమీ చేయలేదు గానీ కాళ్లు మాత్రం వెచ్చగా ఉంటాయి.

ఎవరైనా మరీ నిలదీస్తే "చలికాలంలో లద్దాఖ్ వెళ్తాం" అనండి. ఇది చాలా గట్టి వాదన, వెళ్లనంతవరకూ. అక్కడి చలికి మామూలు డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ను ప్రత్యేకంగా ఆ ప్రాంతానికి తెచ్చింది. మీరు ఢిల్లీలో ట్యాంకు నింపుకుని వెళ్తే ఇంజనుతోపాటు హీటరూ ఆగుతుంది. దానికీ తిండి ఆ ట్యాంకులోంచే మరి.

చివరిగా గ్రాప్ గురించి, అంటే కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా పెట్టే ఆంక్షల గురించి. ఢిల్లీలో గాలి కదలని చలిరోజుల్లోనే కాలుష్యం నేలను పట్టుకుని ఉంటుంది. అది 'తీవ్రం' దాకా పోయి మూడో దశ పెడితే ఢిల్లీ, గుర్‌గావ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, నోయిడాల్లో బీఎస్-4 డీజిల్ కార్లు రోడ్డెక్కకూడదు. 2020 ఏప్రిల్‌కు ముందు కొన్న డీజిల్ బండ్లలో ఎక్కువ భాగం అవే. అంటే హీటరు కావాలనిపించే రోజూ, బండి తీయకూడని రోజూ తరచూ ఒకటే అవుతాయి. కంగారు పడకండి. హీటరు రిమోట్ జేబులో వేసుకుని బ్లూ లైన్ మెట్రో ఎక్కండి. ఉదయం తొమ్మిదింటి రద్దీలో రాజీవ్ చౌక్ చేరేలోపు స్వెటరు విప్పేయాల్సి వస్తుంది.