నిరుద్యోగ సంజీవని అను వ్యాఖ్య

మూలం: "ఒరేయ్, వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకోకు. ముందు చేరు, తర్వాత చూద్దాం."

అవతారిక: వాక్యకర్త మా బావగారు. 1987లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరై, ప్రస్తుతం పెన్షన్‌దారులై వరండాలో పడక్కుర్చీ అలంకరించి ఉన్నారు. శ్రోత నా మేనల్లుడు. ఇంజనీరింగు పూర్తయి పద్నాలుగు నెలలు. సందర్భం, హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాడికి పంపిన ఆఫర్ లెటర్. ఏడాదికి 2,40,000. రాత్రి షిఫ్టు. రెండేళ్ల బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలి. శుక్రవారంలోగా జవాబివ్వాలి. బావగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పై వాక్యం సెలవిచ్చి, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు పేపరు విప్పుకున్నారు. వేదానికే భాష్యాలున్నప్పుడు వరండా వాక్యానికి ఎందుకుండకూడదని నేను పూనుకున్నాను. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ప్రైవేటు కాలేజీలో లెండి. కనక పడక్కుర్చీ లేదు.

కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మన కొలచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. నేను అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

ఒరేయ్ = స్పష్టము.

వచ్చిన = తనంత తాను నడిచి వచ్చినట్టిది. ఇక్కడ ఉద్యోగమే కర్త. బావగారి తరానికి ఉద్యోగం వస్తుంది, వాన వచ్చినట్టు, సంబంధం వచ్చినట్టు. వచ్చినదానికి వంకలు పెట్టకూడదు. మేనల్లుడి భాషలో ఉద్యోగం రాదు, "కొడతారు". వాడి క్లాసులో ఎనిమిదిమంది ప్లేస్‌మెంట్ కొట్టారు, వీడు కొట్టలేదు. ఒకరికి కర్త అయినది ఇంకొకరికి కర్మ అయింది. ఈ విభక్తి తేడా మీద ఆ ఇంట్లో వారం రోజులుగా అన్నాలు సరిగా తినడం లేదు.

ఉద్యోగాన్ని = ఇక్కడ కొంచెం ఆగాలి. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. జీతమన్న అర్థం మనం తగిలించుకున్నది. అందుకే భారతంలో ఉద్యోగపర్వం తెరిచి చూస్తే ఒక్క పోస్టూ ఖాళీగా కనబడదు, అంతా యుద్ధప్రయత్నమే. అలాగని బేరసారాలు లేవనుకోకండి. అర్ధరాజ్యం హక్కుదారైన ధర్మరాజు ఐదూళ్లకు దిగివచ్చాడు. వ్యాసభారతంలో నాలుగింటికి పేర్లు చెప్పి, ఐదోది మీ ఇష్టం అన్నాడు పాపం. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. ఆ సంగతి అందరికీ తెలుసు. నాకు ఇష్టుడు శల్యుడు. మద్రదేశపు రాజు, నకుల సహదేవులకు స్వయానా మేనమామ. పాండవుల పక్షాన చేరదామని సేనతో బయల్దేరాడు. దారి పొడవునా విడిదులు, పానీయాలు, పిండివంటలు! ఇదంతా ధర్మరాజు చేయించాడనుకుని, ఇంత బాగా చూసుకున్నవాడికి ఏమిచ్చినా తక్కువే అన్నాడు. చాటున ఉన్న దుర్యోధనుడు ముందుకొచ్చి, అయితే మావైపు చేరు అన్నాడు. తిన్నాడు కదా, చేరాడు. చేరాక ఏమైంది? పదిహేడో రోజున కర్ణుడికి రథం తోలమన్నారు. నేనేమిటి, సూతుడి కొడుక్కి సారథ్యమేమిటి అని లేచి వెళ్లిపోబోతే, నువ్వు కృష్ణుడికన్నా గొప్పవాడివని పొగిడి కూర్చోబెట్టారు. పద్దెనిమిదో రోజున సేనాపతిగా ప్రమోషనిచ్చారు. ఆ పూటే పోయాడు.

కొందరు ఈ చోట పోతనగారిని పిలిచి నాగలి పట్టిస్తారు. ఆయన్ని పొలంలోనే ఉండనిద్దాం.

ఎక్కడున్నాం? ఉద్యోగం దగ్గర. మేనల్లుడి ఆఫర్ లెటర్లో తొమ్మిదో షరతు: "కంపెనీ అవసరాన్ని బట్టి ఏ పని అప్పగించినా చేయవలెను." ఇంటర్వ్యూ రోజున సమోసా, ఫ్రూటీ ఇచ్చారట.

కాలదన్నుకోకు = కాలన్ + తన్నుకోకు. ద్రుతం మీద పరుషం సరళమైంది, తకారం దకారమైంది. పరుషాలు ఇంత తేలిగ్గా సరళాలు కావడం వ్యాకరణంలోనే గాని మా బావగారి వరండాలో చూడలేదు. లక్ష్మినే కాలదన్నుకుంటారని లోకప్రసిద్ధి. కనక ఈ లక్ష్మి ఎంతో లెక్క కట్టాలి. నెలకు 20,000 అని పైన రాశారు. కంపెనీ తన వంతుగా కట్టవలసిన పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 577, ఐదేళ్లు నిండితేగాని చేతికి రాని గ్రాట్యుటీ 481, ఇవన్నీ ఆ ఇరవైలోవే. మిగిలినదాంట్లోంచి వాడి వంతు పీఎఫ్ మరో 1,200, ఈఎస్ఐ 133, వృత్తిపన్ను 150. చేతికి 16,259. హాస్టల్లో ముగ్గురున్న గదిలో ఒక మంచానికి 7,000. దీన్ని కాలితో తన్నాలన్నా వంగి వెతుక్కోవాలి.

వాడి పక్షమే పూర్తిగా వహిస్తున్నానని అనుకోకండి. "గ్రోత్ లేదు మామయ్యా, రెజ్యూమే పాడైపోతుంది" అని పొద్దున పదిన్నరకి పళ్లు తోముకుంటూ చెప్పాడు. మా అక్కయ్య కాఫీ మూడోసారి వేడిచేస్తోంది.

ముందు చేరు = స్పష్టము.

తర్వాత = ఇక్కడే కష్టం. బావగారి "తర్వాత"లో ఒకటో తారీఖు జీతం, డీఏ, ఇంక్రిమెంటు, చివర్న పెన్షను వరసగా కూర్చుని ఉన్నాయి. చేరితే చాలు, మిగతావి వాటంతట అవే వచ్చేవి. ఆయన అబద్ధం చెప్పడం లేదు, తన జీవితం చెబుతున్నారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు రాష్ట్ర సర్కారు కొలువులోనే ఆ పాత పెన్షను లేదు. కంపెనీ వాడి సంగతి చెప్పాలా? ఆ పదం అలాగే ఉంది, అర్థం మాత్రం ఎప్పుడో లోపించింది. వ్యాకరణంలో ఇలాంటి లోపానికి సూత్రం దొరకలేదు.

చూద్దాం = ఉత్తమ పురుష బహువచనం. ఇందులో వక్త కూడా ఉన్నాడు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. మొన్న మధ్యాహ్నం వెళ్లేసరికి బావగారు పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో కూడికలు వేస్తున్నారు. 16,259 ఆయనకూ వచ్చింది. రెండోసారి వేశారు, అదే వచ్చింది. కాసేపటికి నన్ను చూడకుండా అడిగారు, "బావా, బాండంటే ఏమిటోయ్? ఎల్ఐసీ బాండు లాంటిదేనా, చివర్న డబ్బు వస్తుందా?" కాదు బావగారూ, మధ్యలో మానేస్తే మనమే లక్షన్నర కట్టాలి అన్నాను. పెన్సిలు చెవి మీద పెట్టుకుని మళ్లీ పేపరు విప్పారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

తాత్పర్యం: బావగారూ, మీ మాట కాదనను. పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఈ పదహారు వేలకే చేరమనండి. బాండు సంగతి ఎవరైనా వకీలుకి చూపిద్దాం, గురువారం సాయంత్రం నేనొస్తాను. కాని ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వనివ్వకండి. జిరాక్సులు ఇమ్మనండి, చాలు.