పేరు పట్టుకుని ఊరెళ్ళినవాణ్ణి

డిట్రాయిట్‌లో కాపురం పెట్టిన కొత్తల్లోనే కోనీ డాగ్ నా నాలుకకు పట్టేసింది. మెత్తటి బన్నులో సాసేజీ, దానిమీద గింజలు పడని మాంసపు చిల్లీ, పచ్చటి మస్టర్డ్ గీత, సన్నగా తరిగిన పచ్చి ఉల్లి. కొరికితే సాసేజీ తోలు టప్పున చిట్లాలి. ఇక్కడే ఇంత బావుంటే అసలు ఊళ్ళో ఇంకెంత బావుంటుందో అనుకునేవాణ్ణి. అసలు ఊరంటే న్యూయార్క్ సముద్రపొడ్డున ఉన్న కోనీ ఐలండ్ అని నా లెక్క. మైసూర్ బజ్జీలు తిని పెరిగినవాడికి ఆపాటి అనుమానం రావద్దూ?

న్యూజెర్సీలో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు బావగారిని పట్టుబట్టి అక్కడికి లాక్కెళ్ళాను. దారంతా ఉపన్యాసమే. 1867లో ఫెల్ట్‌మన్ అనే జర్మన్ బండి మీద బన్నులో సాసేజీ అమ్మడం మొదలెట్టాడనీ, 1916లో నేథన్ హ్యాండ్‌వర్కర్ అయిదు సెంట్లకే అమ్మి ఆయన పదిసెంట్ల బేరాన్ని దెబ్బకొట్టాడనీ. అన్నీ నిజాలే. కౌంటరు దగ్గరికెళ్ళి దర్జాగా “రెండు కోనీలు” అన్నాను. “రెండు ఏంటి?” అందా పిల్ల. చేతికొచ్చింది మస్టర్డ్, పులిసిన క్యాబేజీతో.

కోనీ డాగ్ మిషిగన్ వైపు స్థిరపడిన గ్రీకు వలసదారుల చేతివంట. న్యూయార్క్ రేవులో దిగినవాళ్ళు, పేరుమోసిన ఊరు కదా అని ఆ పేరు బోర్డుకెక్కించారంటారు. కెరోస్ కుటుంబం డిట్రాయిట్‌లో 1917లోనే కొట్టు పెట్టింది. అంటే అసలు ఊళ్ళో కూర్చుని తింటూనే అసలు ఊరు వెతుక్కుంటూ పోయానన్నమాట.

అక్కడితో బుద్ధి రావాలి. మాంట్రియల్ వెళ్తూ న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన ప్లాట్స్‌బర్గ్‌లో ఆగితే, ఇంచుమించు అదే సరుకు, బోర్డు మీద పేరు ‘మిషిగన్’! నేను మిషిగన్ నుంచే వస్తున్నాననీ, మా దగ్గర దీన్ని ఎవరూ అలా అనరనీ కౌంటరులో పెద్దాయనకి పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, “ఉల్లిపాయలు పైన వెయ్యనా, పూడ్చనా?” అన్నాడు. పూడ్చడమంటే సాసు కింద వెయ్యడం. నన్నే పూడ్చమంటే పోయేది.

బావగారికి ఫోన్లో చెబితే ఒకటే నవ్వు. “మా పేటర్సన్‌లో టెక్సస్ వీనర్ దొరుకుతుంది, అదీ గ్రీకులదే. ఈసారి టెక్సస్ టికెట్ తీస్తున్నావేమిటోయ్?”

తియ్యలేదు. వియన్నా వెళ్ళాను. వీనర్ అంటేనే వియన్నాది కాబట్టి ఇక్కడ తప్పే ప్రసక్తే లేదని, వీధిబండి దగ్గర “వీనర్” అని గట్టిగా అడిగాను. బండివాడు బోర్డు చూపించాడు: ఫ్రాంక్‌ఫుర్టర్. లానర్ అనే కసాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని నేర్చి, 1805లో ఇక్కడ సాసేజీ మొదలెట్టాడట. అక్కడ పంది మాంసం ఒక్కటే, ఇక్కడ గొడ్డు మాంసం కూడా కలిపాడు. పేరు మాత్రం పని నేర్చిన ఊరిది. జర్మనీలో దాన్నే వీనర్ అంటారు. ఇదంతా పక్కన నిలబడి తింటున్నాయన చెప్పాడు. మా ఆవిడ బోర్డు చదివి, ఉన్న పేరుతోనే అడిగి, అప్పటికే సగం తినేసింది.