ఫారంలో లేని గడి

బళ్ళారి కంటోన్మెంట్ స్టేషన్ మీదుగా పోయే ఇనుప ఖనిజం వ్యాగన్లకు గ్రేడుంది, తూకముంది, ధరుంది. తవ్విన కూలీ ఊసే లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు చైనా గిరాకీతో ఎర్రమట్టి బంగారమైంది. ఎగుమతులు పెరిగితే కార్మిక ప్రమాణాలు వాటంతటవే పెరుగుతాయన్న పండితుల సూత్రమే నిజమైతే, సండూరు, హొసపేటె గనుల దగ్గర పసిపిల్లల చేతుల్లో సుత్తులు ఉండకూడదు. పెరిగినవల్లా గనుల దొరల హెలికాప్టర్లు. 'వ్యాపారమే లేకుంటే ఆ కూలీ డబ్బులూ రావుగా' అంటారు. ఒప్పుకుందాం, 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపితే రోడ్డున పడ్డది కూలీలే. కూలీకి వ్యాపారం కావాలని దాంతో తేలింది గానీ, వ్యాపారానికి కూలీ క్షేమం కావాలని తేలలేదు. చొక్కాకైతే బ్రాండు చీటీ ఉంటుంది, పరువు పోతుందని కొనేవాడు తనిఖీకైనా వస్తాడు. ఖనిజానికి చీటీ ఏదీ? 1996లో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఈ కార్మిక ప్రమాణాల బెడద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) చూసుకుంటుందని చేతులు దులుపుకుంది. మన సర్కారూ హమ్మయ్య అనుకుంది. ఇప్పుడు ఐరోపా తన సరిహద్దు పన్ను కోసం టన్ను ఉక్కుకు ఎంత కార్బనో లెక్క చెప్పమంటోంది. కూలీ ఊపిరితిత్తుల్లో ఎంత దుమ్ముందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. 2022లో సుప్రీంకోర్టు ఇక్కడి ఖనిజం ఎగుమతికి మళ్లీ తలుపు తీసింది. అయ్యా, పర్మిట్ కాగితం మీదైనా ఆ గడి గీయండి!