వేరే పనికి పుట్టినదాన్ని

నేను టీకాను. పేరు మెన్‌జడ్‌బీ. న్యూజిలాండ్‌లో 1991లో అంటుకున్న మెనింజైటిస్-బి పదేళ్లు దాటినా తగ్గలేదు. మావోరీ, పసిఫిక్ దీవుల కుటుంబాల చంటిపిల్లలకే ఎక్కువ ముప్పు. ఈ ‘బి’ రకం క్రిమి గడుసుది. దాని పైతొడుగు మనిషి నాడీకణాల మీది చక్కెరలాగే ఉంటుంది కాబట్టి ఒంట్లోని రక్షణ వ్యవస్థ మనదేలే అని వదిలేస్తుంది. అందుకే ఆ తొడుగు జోలికి పోకుండా, క్రిమి వెలుపలి పొర నుంచి సన్నని బుడగలు తీసి నన్ను చేశారు. ఆ విద్య నార్వే ప్రజారోగ్య సంస్థకు ముందే తెలుసు. కైరాన్ కంపెనీ దానితో చేయి కలిపింది. క్రిమి మాత్రం అచ్చంగా న్యూజిలాండ్‌దే.

2004లో దక్షిణ ఆక్లండ్‌లో పనిలో దిగాను. 20 ఏళ్ల లోపువాళ్లు పది లక్షల మందికి పైగా నన్ను వేయించుకున్నారు, తలా మూడు సూదులు. చెయ్యి సలిపేది, జ్వరం తగిలేది. పిల్లలు నన్ను ప్రేమించారని చెప్పను. జబ్బు తగ్గుముఖం పట్టాక నన్నూ ఆపేశారు. పని బాగా చేస్తే ఉద్యోగం ఊడేది టీకాలకే కాబోలు.

అసలు కథ ఆ తర్వాతిది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో హెలెన్ పెటూసిస్-హారిస్ బృందం నా పాత పిల్లల జాడ తీసింది. అప్పటికి వాళ్లు పెద్దవాళ్లై, కొందరు సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చి ఉన్నారు. నేను గనేరియాను కూడా అడ్డుకున్నానా అని చూడాలంటే, అది వచ్చినవాళ్లను ఎవరితో పోల్చాలి? ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోలిస్తే జీవన తీరులో తేడాలే లెక్కను పాడుచేస్తాయి. అందుకని అవే క్లినిక్కుల్లో క్లమీడియాతో వచ్చినవాళ్లను తీసుకున్నారు. జీవన తీరు దాదాపు ఒకటే, క్రిమి వేరు. ఆ ఎత్తుగడకు నేను ఇప్పటికీ మురిసిపోతాను. గనేరియావాళ్లలో 41 శాతం, క్లమీడియావాళ్లలో 51 శాతం నన్ను వేయించుకున్నవాళ్లే. మిగతా తేడాలు సరిచేశాక తేలిన రక్షణ 31 శాతం. 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

ఇదెలా? మెనింజైటిస్ క్రిమి, గనేరియా క్రిమి దాయాదులు. జన్యువుల్లో 80 నుంచి 90 శాతం పోలిక. నా బుడగల మీది ప్రోటీన్లను గుర్తుపట్టిన ఒళ్లు రెండోవాడినీ కొంత పట్టుకుంటుందన్నమాట. వాడేమీ తక్కువవాడు కాదు. పైనున్న నూగును మాటిమాటికీ మార్చేస్తాడు. అందుకే ఒకసారి వచ్చినా మళ్లీ రాదన్న భరోసా లేదు. ఆ నూగుతోనే చేసిన టీకాను దక్షిణ కొరియాలోని అమెరికా సైనికుల మీద పరీక్షిస్తే పనిచేయలేదు. సల్ఫా, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మందులన్నీ వాడి ముందు చతికిలబడ్డాయి. సెఫ్ట్రియాక్సోన్ ఇంకా నిలబడి ఉన్నా, దానికీ లొంగని రకాలు అక్కడక్కడా బయటపడుతున్నాయి. అలాంటి చోట 31 అంటే నాకు చిన్నతనంగా అనిపించదు. ఒకరికి తప్పితే, అతని నుంచి అంటుకోవలసినవాళ్లకూ తప్పుతుంది.

నా బుడగలు ఇప్పుడు బెక్సెరో అనే టీకాలో, మరో మూడు ప్రోటీన్లతో కలిసి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో దాన్ని గనేరియా మీద నేరుగా పరీక్షిస్తే మొదట ఆశ పుట్టింది, తుది లెక్కలో తేల్చి చెప్పగల రక్షణ కనబడలేదు. ఆ మాట దాచను. పాత రికార్డులు తిరగేయడం వేరు, ఎదుట పరీక్షకు నిలబడటం వేరు. అయినా ఇంగ్లండ్ వెనకాడలేదు. 2025 ఆగస్టు నుంచి ముప్పు ఎక్కువగా ఉన్న స్వలింగ, ద్విలింగ సంపర్క పురుషులకు గనేరియా కోసం ఉచితంగా ఇస్తోంది. లైసెన్సు మాత్రం మెనింజైటిస్ పేరు మీదే ఉంది.