నల్లా కారుతోంది, గోడ కథ చెబుతోంది

నాంపల్లి స్టేషను బయటా, ఆబిడ్స్ సందుల్లోనూ, అఫ్జల్‌గంజ్ వెనకాలా ఉన్న ఇరవై పాతిక గదుల లాడ్జీలకు ఈమధ్య కొత్త జబ్బు పట్టుకుంది. లాడ్జికి ‘క్యారెక్టర్’ కావాలట. ఇన్నేళ్లుగా నిండుగా నడుస్తున్న లాడ్జికి అది లేదని ఎవరు తేల్చారయ్యా అంటే, ఇంటీరియర్ డిజైనర్ తేల్చాడంటారు. డాక్టరూ ఆయనే, మందుల షాపూ ఆయనదే.

వైద్యం బోర్డుతో మొదలవుతుంది. వెంకటేశ్వరస్వామినో దుర్గమ్మనో కిందికి దించి, పేరుకు ముందు ‘ది’, వెనక ‘హౌస్’ తగిలిస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ‘సిన్స్’ అని ఒక సంవత్సరం. అది లాడ్జి తెరిచిన సంవత్సరమే కానక్కర్లేదు. ఓనరుగారి తాత ఊళ్లో వడ్డీవ్యాపారం మొదలెట్టిన ఏడాదైనా సరిపోతుంది.

ఆ తర్వాత గోడ మీద పడతారు. గోడకు ఇటుక కనిపించాలి, అదీ నియమం. కట్టడం నిజంగా పాతదైతే దాని ఖర్మ కాలినట్టే. డంగుసున్నం గారను ఉలితో చెక్కి లోపలి ఇటుకను బయటపెడతారు. ఆ సున్నాన్ని పూర్వం సోకు కోసం పూయలేదు. వాన తడిని తాను పీల్చుకుని, ఎండ రాగానే గాలికి వదిలేసి, లోపలి మెత్తటి ఇటుకను కాపాడటానికి పూశారు. తాతల కాలం నుంచి కాపాడుతూనే వచ్చింది. ఇప్పుడు దాన్ని గీకేసి, ఇటుక మీద మెరిసే వార్నిష్ కొడతారు. లోపల చేరిన తేమకు బయటికి దారి ఉండదు. నాలుగు వానాకాలాలు గడిస్తే ఇటుక పొట్టు లేస్తుంది, పొద్దున లేచేసరికి దిండు మీద ఎర్రటి పొడి. ఇదేమిటని అడిగితే ‘రస్టిక్ ఫీల్’ అని సమాధానం. కొత్త కట్టడమైతే ఇంకో వేషం: ఇటుకలా కనిపించే పల్చటి పలకలు తెచ్చి గమ్ముతో అంటిస్తారు. లోపల అసలు ఇటుక, దాని మీద ప్లాస్టరు, ప్లాస్టరు మీద ఇటుక బొమ్మ. లోపలి ఇటుక ఏం పాపం చేసిందో తెలీదు.

ఇక సామాను. లాడ్జిలో అప్పటికే పాత సామాను బోలెడు ఉంటుంది. టేకు మంచాలు, గదుల తాళంచెవులు వేలాడే నంబర్ల చెక్క బోర్డు, అంచులకు నల్లటి పట్టీ వేసిన మొజాయిక్ నేల. మంచాలు, బోర్డు గంపగుత్తగా పాతసామాన్లవాడికి పోతాయి. మొజాయిక్ మీద చెక్క గీతలు అచ్చేసిన వినైల్ షీటు పరుస్తారు. ఆ వారమే డిజైనర్ జుమేరాత్ బజార్ వెళ్లి, ఇంకెవరి ఇంట్లోంచో వచ్చిన పాత సామాను బేరమాడి తెస్తాడు. ఒక గ్రామఫోను గొట్టం, రెండు కీలు ఊడిన టైప్‌రైటరు, ఒక మర్ఫీ రేడియో.

“ఇది పాడుద్దా?” అని అడిగాడు ఒక ఓనరు, రేడియో చెవి తిప్పుతూ.

“సార్, ఇది పాడటానిక్కాదు, ఉండటానికి,” అన్నాడు డిజైనర్.

సొంత చరిత్రను గంపగుత్తగా అమ్మేసి, పక్కవాడి చరిత్రను కొనుక్కొచ్చే వ్యాపారం ఇదొక్కటే.

మంచం వెనక గోడ నిండా నలుపు తెలుపు చార్మినార్ ఫోటో ఉంటుంది. ఆటో ఎక్కితే అసలు చార్మినార్ దగ్గర దిగొచ్చు, అయినా సరే. వీధి వైపు కిటికీని మాత్రం ప్లైవుడ్‌తో మూసేస్తారు, బయట కరెంటు వైర్లు ‘వ్యూ’ను చెడగొడుతున్నాయట. రిసెప్షన్ పక్కన ‘స్టోరీ వాల్’ ఒకటి. అందులో ఏదో ఒక నిజాం ఉండి తీరాలి. ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల. పేటకు దుకాణం పేరు మిగలడం కంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? కానీ షాపువాడి కథ గోడకెక్కదు, నగలు పెట్టుకున్నవాడే కావాలి. ఫలక్‌నుమా ప్యాలెస్ సంగతి వేరు, అక్కడ 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది, ఆరో నిజాం నిజంగానే అక్కడ ఉన్నాడు. ఆ ప్యాలెస్‌ను తాజ్ వాళ్లు ఏళ్ల తరబడి బాగుచేసి 2010లో తెరిచారు. మన లాడ్జి రాజవైభవం మాత్రం ఆషాఢంలో మొదలై శ్రావణంలో మొదటి పెళ్లి ముహూర్తానికి తయారు.

ఈ సరుకంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1984లో న్యూయార్క్ మాడిసన్ ఎవెన్యూలో తెరిచిన మోర్గన్స్ హోటల్ పేరు చెబుతారు. పెట్టినవాళ్లు ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్. అంతకుముందు స్టూడియో 54 అనే నైట్‌క్లబ్బు నడిపి, పన్ను ఎగ్గొట్టి జైలుకు వెళ్లొచ్చిన జంట. వాళ్ల దగ్గర డబ్బు తక్కువ. అందుకని డిజైనర్ ఆంద్రే పుట్మన్ స్నానాల గదుల్లో చౌకరకం నలుపు తెలుపు పలకల్నే గళ్లుగళ్లుగా వేయించింది. ఆ గళ్లకే పేరొచ్చింది. మనవాళ్లు అక్కడి నుంచి గళ్లు తెచ్చుకున్నారు. ఆవిడ బుర్ర పెట్టింది బాత్‌రూమ్ మీదన్న సంగతిని మాత్రం కస్టమ్స్ వాళ్లు ఆపేసినట్టున్నారు.

ఎందుకంటే ఇలా మెరుగుదిద్దిన ఒక లాడ్జి పైఅంతస్తులో ఈమధ్య దిగాను. బాత్‌రూమ్‌లో పళ్లెమంత వెడల్పు షవర్, పేరు రెయిన్ షవర్. నీటికి జోరు రావాలంటే ట్యాంకు ఎత్తులో ఉండాలి, లేదా మోటారు బిగించాలి. ఇక్కడ ట్యాంకు సరిగ్గా నెత్తిమీదే ఉంది. మోటారు గోడల వెనక్కి పోతుంది, ఫోటోలో పడదు, కనక బిగించలేదు. ఫలితం, షవర్ అంచుల నుంచి బొట్టూ బొట్టూ. రాయలసీమ వాన. వాష్‌బేసిన్ స్థానంలో రాగి గంగాళం, అందులో నీళ్లు పడితే చొక్కా తడుస్తుంది. తలుపు పక్కకు జారేది, గడియ లేదు. పసుపు వెలుగుల ఫిలమెంటు బల్బు కింద బీపీ మాత్ర ఏదో, షుగరు మాత్ర ఏదో పోల్చుకోలేక రెండూ సెల్‌ఫోన్ లైటులో చదివాను. బకెట్టు లేదు. రూమ్‌బాయ్‌ని అడిగితే అటూ ఇటూ చూసి, తువ్వాలు కప్పి తెచ్చాడు ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, మగ్గుతో సహా.

“పొద్దుగాల నేనే తీస్కపోత సార్. డిజైనర్ సారు ఇది కనపడొద్దన్నడు.”

నిషిద్ధ వస్తువుతో ఒళ్లంతా తడిసేలా స్నానం చేశాను.

ఈ లాడ్జీల ఆస్తి ఒక్కటే, ఊరి నడిబొడ్డున ఉండటం. ఉస్మానియాలో ఆపరేషన్ అయినవాళ్ల తాలూకు మనుషులు, హైకోర్టు వాయిదాకు వచ్చిన రైతులు, కోఠిలో పుస్తకాలు కొనుక్కుని పొద్దునే పరీక్ష రాసే పిల్లలు, జనవరిలో నుమాయిష్‌కు శాలువాలు తెచ్చే కశ్మీరీలు, నడిచి వెళ్లొచ్చని ఇక్కడ దిగేవాళ్లు. రాత్రి రెండింటికి వరండాలో వీళ్ల మాటలు వింటే చాలు, క్యారెక్టర్ ఎవరికి కావాలన్నా దొరికేది. 800 రూపాయల గది 3,500 అయ్యాక వాళ్లు ఊరి చివరికి పోయారు. రోజూ రెండు బస్సులు మారి ఆసుపత్రికి వస్తున్నారు. వాళ్ల గదుల్లో ఇప్పుడు దిగేవాళ్లకు కారుంది, నడిబొడ్డుతో పనే లేదు. పార్కింగ్ లేదని పొద్దున్నే గొడవ పడుతుంటారు.

బ్రిటిషు ఇండియాలో 1867లో సరాయిల చట్టం అని ఒకటి చేశారు. సరాయి, అంటే ఆనాటి లాడ్జి, నడిపేవాడు ఏమేం చేయాలో అందులో రాశారు. గదులు, వరండాలు, కాలవలు, బావులు శుభ్రంగా ఉంచాలి. గోడలు, కప్పు మరమ్మతు చేయించాలి. దొంగలు ఎక్కడానికి వీలిచ్చే చెట్ల కొమ్మలు కొట్టించాలి. కాపలా పెట్టాలి. రేట్ల పట్టిక అందరికీ కనిపించేలా కట్టాలి. పైగా జిల్లా మేజిస్ట్రేటు తలుచుకుంటే సత్ప్రవర్తన సర్టిఫికెట్ లేనివాడికి సరాయి నడిపే రిజిస్ట్రేషనే ఇవ్వకపోవచ్చు. తెల్లదొరలే అయినా, క్యారెక్టర్ అడగాల్సింది ఓనరు దగ్గర గానీ గోడ దగ్గర కాదని వాళ్లకు తెలుసు.

పాత లాడ్జీల్లో ఇంకో మర్యాద ఉండేది, 24 గంటల చెక్ అవుట్. తెల్లారుజామున నాలుగింటికి రైలు దిగి గది తీసుకుంటే మర్నాడు నాలుగింటి దాకా గది మీదే. రైలు ప్రయాణికుడి కోసం పుట్టిన పద్ధతి. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి చెక్ ఇన్, పదకొండింటికి చెక్ అవుట్, రోజు డబ్బుకు 21 గంటలు. నేను దిగిన లాడ్జిలో నాతోపాటు పొద్దున గది ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన కౌంటరు పక్కన ఫ్రేము కట్టి, పైన చిన్న లైటు పెట్టిన పాత రేకు బోర్డు ముందు ఆగాడు. ‘24 గంటల చెక్ అవుట్’ అని ఎర్ర అక్షరాలు.

“ఇక్కడ 24 గంటలని రాశారు గదయ్యా, మరి నన్ను పదకొండింటికే లేపావేం?” అన్నాడు.

“అది డెకరేషన్ సార్,” అన్నాడు కుర్రాడు, బిల్లు ముందుకు జరుపుతూ.