పచ్చిక మీద ప్రపంచ శాంతి

యుద్ధ వ్యతిరేక ఉద్యమాల జయాపజయాలను తూచిన పండితులు సైద్ధాంతిక విభేదాలనూ, నిధుల కొరతనూ, పత్రికల ఉదాసీనతనూ, పాలకుల మొండితనాన్నీ విస్తారంగా చర్చించారు గాని, ఆ ఉద్యమాల నడకను అడుగడుగునా నిర్దేశించిన గడ్డికి మాత్రం తగిన న్యాయం చేయలేదు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రెండు రాజ్యాల మధ్య సయోధ్య కోరుతూ నలుగురు పౌరులు ఒకచోట చేరదలచినప్పుడు, ఆ నలుగురూ ఎక్కడ నిలబడతారు, వారి కాళ్ల కింద ఏముంది, అది నలిగితే మళ్లీ ఎన్నాళ్లకు మొలుస్తుంది అన్న బెంగే ఏలినవారిని ముందుగా పట్టుకుంటుంది. ఉద్యాన శాస్త్రానికీ విదేశాంగ నీతికీ ఉన్న ఈ బాంధవ్యానికి సాక్ష్యాలు చాలా దేశాల్లో దొరుకుతాయి గాని, ప్రతి అడుగుకూ ఒక నిబంధన రాసుకుని, దానిని పదిలంగా దాచుకునే అలవాటు గల బ్రిటన్‌లో దొరికినంత తేటగా మరెక్కడా దొరకవు.

అఫ్గానిస్తాన్ మీద దాడికి సన్నాహాలు సాగుతున్న 2001 సెప్టెంబరులో, వామపక్షాలూ కార్మిక సంఘాలూ శాంతివాదులూ కలిసి లండన్‌లో స్థాపించుకున్న 'స్టాప్ ది వార్ కొయలిషన్' అనే ఐక్యవేదిక, ఇరాక్ యుద్ధం ముంచుకొస్తున్న 2003 ఫిబ్రవరి 15న హైడ్ పార్కులో మహాసభ తలపెట్టింది. ఆ నగరంలోని రాయల్ పార్కులు, అనగా ఒకప్పుడు రాజులు వేటాడుకున్న వనాలు, సాంస్కృతిక శాఖ అధీనంలో ఉండడం చేత దరఖాస్తు ఆ శాఖ మంత్రి టెస్సా జోవెల్ ముందుకు వెళ్లింది. చలికాలపు తడినేల మీద జనం జారిపడతారనీ, పచ్చిక పాడవుతుందనీ కారణాలు చూపి ఆమె మొదట కాదన్నారు. ఒకే మంత్రివర్గంలో రక్షణ శాఖ పరదేశంలో వేయవలసిన బాంబుల లెక్క సరిచూసుకుంటూ ఉండగా, సాంస్కృతిక శాఖ స్వదేశంలో కాలు జారి పడబోయే పౌరుల మోకాళ్ల గురించి తల్లడిల్లిపోవడం శాఖల మధ్య శ్రమ విభజనకు చక్కని నిదర్శనం. పత్రికలు గట్టిగా గడ్డి పెట్టిన మీదట మంత్రిగారు మెత్తబడి అనుమతి ఇచ్చారు.

ఆ శనివారం థేమ్స్ ఒడ్డు నుంచి ఒకటి, గోవర్ స్ట్రీట్ నుంచి మరొకటి బయలుదేరిన రెండు ఊరేగింపులు పికడిల్లీ దగ్గర కలిసి హైడ్ పార్కుకు చేరాయి. వచ్చినవారు ఏడున్నర లక్షలని పోలీసులు, ఇరవై లక్షలని నిర్వాహకులు ప్రకటించారు. బహిరంగ సభల లెక్కల్లో ఆరితేరిన తెలుగు పాఠకులకు ఈ తేడా గురించి వివరించనక్కరలేదు. నెత్తిన టీ కప్పును శిరస్త్రాణంలా బోర్లించుకుని, చేత తుపాకి పట్టిన ప్రధాని టోనీ బ్లెయిర్ బొమ్మతో, యుద్ధం మాని టీ కాచుకొమ్మని హితవు చెప్పే అట్టముక్కలు ఆ గుంపులో విరివిగా కనిపించాయి. అదే రోజున రోములో జరిగిన ప్రదర్శనకు ముప్పై లక్షల మంది వచ్చారని గిన్నిస్ పుస్తకం నమోదు చేసుకుంది. అంటార్కిటికాలోని మెక్‌ముర్డో పరిశోధన స్థావరంలో సైతం కొందరు శాస్త్రవేత్తలు మంచు మీద నిలబడి నిరసన తెలిపారు. అక్కడ మొలవడానికి గడ్డి అన్నదే లేదు కనుక ఆ సభ విషయంలో ఏ మంత్రికీ ఇబ్బంది కలగలేదు.

ఇంతమంది ఒక్కసారిగా వీధిలోకి రావడంతో, ప్రపంచంలో ఇప్పుడు అమెరికాతో పాటు ప్రజాభిప్రాయమనే రెండో అగ్రరాజ్యం కూడా ఉన్నట్టుందని న్యూయార్క్ టైమ్స్ విలేఖరి ఒకరు రాశారు. మొదటి అగ్రరాజ్యపు అధ్యక్షుడు జార్జి బుష్ మాత్రం, నిరసనల పరిమాణాన్ని బట్టి విధానం నిర్ణయించడమంటే ఫోకస్ గ్రూపు మాట విని నడుచుకోవడమేనని తేల్చేశారు. ఫోకస్ గ్రూపు అనగా, సబ్బులూ పళ్లపొడులూ అమ్మే కంపెనీలు పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, బిస్కట్లు పెట్టి, కొత్త సరుకు ఎలా ఉందని అడిగి తెలుసుకునే పద్ధతి. ఆ పోలిక ప్రకారం యుద్ధమనే సరుకును కొననని కోటిమంది చెప్పినా, తయారీదారుడు దానిని ఇంటికి తెచ్చి దించిపోయాడన్న మాట. బ్లెయిర్ గారి గణితం ఇంకా సూక్ష్మమైనది. ఆ ఉదయం గ్లాస్గోలో తన పార్టీ సదస్సులో మాట్లాడుతూ, ఊరేగింపులో ఐదు లక్షల మంది ఉన్నా అది సద్దాం హుస్సేన్ చావుకు కారకుడైన వారి సంఖ్య కంటే తక్కువేనని ఆయన చెప్పారు. చచ్చినవారు ఎక్కువా, నడిచినవారు ఎక్కువా అన్న ఈ తూకంలో, రాబోయే యుద్ధంలో చావబోయేవారిని ఏ పళ్లెంలో వేయాలన్న ప్రశ్న ఎదురు కాలేదు.

ఊరేగింపు జరిగిన 33 రోజులకు, మార్చి 20న, బాంబులు పడ్డాయి. అంతకు రెండు రోజుల ముందు పార్లమెంటు 412 ఓట్లతో యుద్ధాన్ని ఆమోదించింది. 149 మంది కాదన్నారు. నిజానికి ఆ ఓటింగు సైతం చట్టం కోరినది కాదు. సైన్యాన్ని కదిలించే హక్కు బ్రిటన్‌లో రాజాధికార విశేషం కిందికి, అనగా పూర్వం రాజుకు ఉండి ఇప్పుడు ఆయన పేరిట ప్రధాని వాడుకునే అధికారాల కిందికి వస్తుంది. పార్కులో సభ పెట్టదలచినవారు దరఖాస్తు రాయవలసి ఉండగా, పరదేశానికి లక్షల టన్నుల ఇనుమును పంపదలచినవారికి అటువంటి నమూనా పత్రమేదీ అచ్చు వేయించి లేదు. ఆ యుద్ధంపై నియమించిన చిల్కాట్ విచారణ సంఘం ఏడేళ్లు శ్రమించి, 2016లో 26 లక్షల పదాల నివేదిక వెలువరించి, శాంతియుత మార్గాలన్నిటినీ వాడి చూడకుండానే యుద్ధానికి దిగారని నిర్ధారించింది. టీ కప్పు బొమ్మ పట్టుకున్నవారు ఆ సంగతిని ఒక్క అట్టముక్క మీద పట్టించిన మాట నిజమే గాని, పద సంఖ్యలో వారు విచారణ సంఘానికి సాటి రారు.

గడ్డి ఎల్లప్పుడూ ప్రభుత్వ పక్షమే వహిస్తుందని అనుకోవడం సరికాదు. బెర్క్‌షైర్‌లోని గ్రీనమ్ కామన్ అనే ఉమ్మడి మేత భూమిలో వెలసిన వైమానిక స్థావరానికి 96 అమెరికన్ క్రూయిజ్ క్షిపణులు రానున్నాయని తెలిసి, 1981 ఆగస్టు 27న కార్డిఫ్ నుంచి 36 మంది మహిళలు కాలినడకన బయలుదేరి, సెప్టెంబరు 5న అక్కడికి చేరి, గుడారాలు వేసుకుని కూర్చున్నారు. మరుసటి ఏడాది డిసెంబరులో ముప్పై వేల మంది స్త్రీలు చేతులు కలిపి స్థావరపు కంచెను చుట్టుముట్టారు. 1983 కొత్త సంవత్సరం నాడు 44 మంది కంచె దాటి, నిర్మాణంలో ఉన్న క్షిపణి గిడ్డంగుల పైకెక్కి నాట్యం చేశారు. అణ్వస్త్రాలను కాపలా కాయగల సైన్యం వంటపాత్రలూ దుప్పట్లూ మోసుకొచ్చిన ఆడవారిని కాయలేకపోతున్నదని బోధపడి, రక్షణ శాఖ 1985లో స్థావర ప్రవేశాన్ని నిషేధించే ఉపనిబంధనలు రూపొందించి, వాటి కింద వారిని శిక్షించడం మొదలుపెట్టింది. అయితే వాటికి ఆధారమైన 1892 నాటి సైనిక భూముల చట్టం, ఉమ్మడి భూమిలో పశువులను మేపుకునే స్థానికుల హక్కుకు భంగం కలగరాదని షరతు పెట్టింది. ఆ షరతును పట్టించుకోని కారణంగా ఉపనిబంధనలు చెల్లవని 1990లో, అప్పట్లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన ప్రభువుల సభ తీర్పు చెప్పింది. అణుయుద్ధం వల్ల భూగోళానికి వాటిల్లే నష్టాన్ని గురించి తొమ్మిదేళ్లుగా చలిలో వణుకుతూ మొత్తుకున్నవారికి, వారికి ఒక్క ఆవైనా లేకపోయినా, ఆవు మేత పుణ్యమా అని న్యాయం దొరికింది. అప్పటికే 1987 నాటి అమెరికా–సోవియట్ ఒప్పందం ప్రకారం క్షిపణులు తిరుగుముఖం పట్టాయి. ఇప్పుడు ఆ గిడ్డంగులు సంరక్షిత కట్టడాలు. స్టార్ వార్స్ చిత్రాల్లో ఒకదాని చిత్రీకరణకు కూడా అవి పనికి వచ్చాయి.

ఇక పార్లమెంటు స్క్వేర్ విషయానికి వస్తే, అక్కడ 2001 జూన్ 2న బ్రయన్ హా అనే వడ్రంగి ఇరాక్ మీద విధించిన ఆర్థిక ఆంక్షలకు నిరసనగా ఒక టోపీ, ఒక మెగాఫోను, కొన్ని ఫొటోలతో బైఠాయించి, మరి పదేళ్లు లేవలేదు. కాలిబాటకు అడ్డమని వెస్ట్‌మినిస్టర్ నగర పాలక సంస్థ 2002లో హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. అంతట పార్లమెంటు ఒక మనిషిని లేపడానికి ఒక చట్టం చేసింది. తీవ్ర వ్యవస్థీకృత నేరాలను అణచడానికని తెచ్చిన ఆ 2005 నాటి చట్టంలో, దొంగ రవాణాదారులూ ముఠా నాయకులూ ఉండవలసిన చోట, పార్లమెంటు చుట్టూ ఒక కిలోమీటరు లోపల నిరసన తెలపదలచినవారు ఆరు రోజుల ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టుకోవాలన్న నిబంధన చేర్చారు. దరఖాస్తు నిరసన మొదలయ్యే ముందు పెట్టాలి. బ్రయన్ హా నిరసన చట్టం పుట్టక నాలుగేళ్ల ముందే మొదలైంది. ఎవరి కోసం చట్టం చేశారో అతనికి తప్ప దేశంలో అందరికీ అది వర్తిస్తుందని 2005 జులైలో హైకోర్టు తేల్చినప్పుడు, చట్టం రాసినవారి నైపుణ్యాన్ని ప్రపంచం కొనియాడవలసి ఉండగా ఎందుచేతనో నవ్వింది.

మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగదోడిన తరువాత, మే 23 వేకువజామున 78 మంది పోలీసులు వచ్చి, నలభై మీటర్ల మేర పరచుకున్న బొమ్మలనూ బ్యానర్లనూ లారీకెక్కించి, మూడు మీటర్ల వెడల్పుకు మించని శాంతిని మాత్రం అతనికి మిగిల్చారు. ఆ ఒక్క పూట పనికి 27,000 పౌండ్లు ఖర్చయినట్టు పోలీసులే తరువాత ఒప్పుకున్నారు. మార్క్ వాలింజర్ అనే కళాకారుడు ఆ సరంజామా మొత్తాన్నీ చిరుగులతో, మరకలతో సహా పునర్నిర్మించి 2007లో టేట్ బ్రిటన్ కళా ప్రదర్శనశాలలో పెట్టి, కిలోమీటరు హద్దు ఆ భవనం మధ్యగానే పోతుందని లెక్కగట్టి నేల మీద నల్లగీత గీశాడు. ఆ ఏటి టర్నర్ బహుమతి అతనికి దక్కింది. ఒకే వస్తువు వీధిలో ఉంటే నేరమూ, గోడల మధ్య ఉంటే కళాఖండమూ అయ్యే వైనాన్ని సౌందర్యశాస్త్ర విద్యార్థులు గమనించాలి. మార్క్ థామస్ అనే హాస్యగాడు మరో ఉపాయం కనిపెట్టాడు. ఒక్కొక్కరూ ఒంటరిగా చేసే నిరసనకు ఒక్కొక్కరి చేత విడివిడిగా దరఖాస్తు పెట్టించి, పోలీస్ స్టేషన్‌ను కాగితాలతో నింపేశాడు. చివరికి 2010లో స్క్వేర్ మధ్య పచ్చికపై వెలసిన గుడారాల పల్లెను లండన్ మేయర్ కోర్టు ఉత్తర్వుతో ఖాళీ చేయించి, గడ్డి కోలుకోవడానికి చుట్టూ కంచె వేయించాడు. మరుసటి సంవత్సరపు చట్టం కిలోమీటరు నిబంధనను ఉదారంగా రద్దు చేసి, ఆ స్క్వేర్‌లో గుడారం వేయడాన్నీ, నిద్రకు పనికివచ్చే సామగ్రి వాడడాన్నీ నిషేధించింది. పార్లమెంటు సభ్యులు లోపల కూర్చుని కునుకు తీయడం ఈ నిషేధం పరిధిలోకి రాదు.

భారతదేశం ఈ విద్యలో బ్రిటన్‌కు ఏకలవ్య శిష్యురాలు కాదు, నేరుగా గురువు చేతనే బొటనవేలు పట్టించుకుని దిద్దినది. 1857 తిరుగుబాటు చల్లారిన తరువాత బ్రిటిషువారు రాసిపెట్టిన 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్, అనగా ఊరేగింపులకూ సభలకూ పోలీసుల లైసెన్సు తప్పనిసరి చేసే నిబంధన, తెలుగు జిల్లాల్లో నేటికీ నెలకొకసారి 'అమల్లో ఉంది' అనే ప్రకటన రూపంలో పునర్జన్మ ఎత్తుతుంది. ఢిల్లీలోని జంతర్ మంతర్ రోడ్డు మీద నిరసనల వల్ల శబ్ద కాలుష్యం కలుగుతున్నదని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వాటిని ఆపివేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సడలించింది. అదే 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌ను ఊరి బయటికి తరలించే ప్రయత్నం జరిగినప్పుడు, ధర్నా చౌక్ కోసం ధర్నా ఎక్కడ చేయాలన్న తాత్త్విక సమస్య కొంతకాలం నగరాన్ని వేధించింది.

ఇన్ని అవాంతరాలు దాటుకుని ఒక జిల్లా కేంద్రంలో ఆగస్టు 6న హిరోషిమా దినం జరిగే తీరు పరిశీలనకు అర్హమైనది. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు, మైకు లేకుండా, రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తామన్న హామీ మీద అనుమతి లభిస్తుంది. ముఖ్య అతిథి రాక కోసం యూనిఫారాల్లో ఎండకు నిలబడ్డ హైస్కూలు పిల్లలకు అణుబాంబు దుష్ఫలితాలు కొంతవరకు అనుభవంలోకి వస్తాయి. అద్దెకు తెచ్చిన తెల్ల పావురాలు అతిథి చేతుల నుంచి ఎగిరి, పెంపుడు గూడు ఏ వీధిలో ఉందో తెలిసినవి గనుక, చీకటి పడకముందే యజమాని ఇంటికి చేరుకుంటాయి. అణ్వాయుధాలన్నిటినీ తక్షణం ధ్వంసం చేయాలని భద్రతా మండలిని కోరుతూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గుతుంది. గడువు ముగియడానికి పది నిమిషాల ముందు నిర్వాహకులు తీర్మానం ప్రతిని పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళితే, జూనియర్ అసిస్టెంటు దానిని ఇటూ అటూ తిప్పి చూసి, ఇన్‌వర్డ్ నంబరు వేసి, ఎర్ర సిరాతో పక్కన ఇలా రాస్తాడు: విషయం ఈ మండలం పరిధిలోనిది కాదు, తగు చర్య నిమిత్తం ఆర్డీఓ గారికి సమర్పించడమైనది.